బందరు గాలి, చక్రముల బల్ల

సంక్రాంతి దినములలో గాలిపటము నెగురవేయుట మన యిండ్లలో మగపిల్లల వేడుక. ఆడుపిల్ల మేడపైన దారము పట్టినచో "చాలును, దిగిరమ్ము" అందుము. అట్టి పటముచే లాగబడుచు, చక్రముల బల్లపై నిలిచి సముద్రతీరమున పరుగిడు క్రీడ యొకటి కలదని మా మేనకోడలు చెప్పినపుడు మేమును నవ్వితిమి. ఆమె న్యూజీలండున చదువుకొనిన రెండేండ్లలో దీనిని నేర్చినది. ఆ దేశమువాడే యగు పీటర్ లిన్ అను పటముల నిర్మాత 1990 ప్రాంతమున మూడుచక్రముల బండికి గాలిపటమును పూన్చి యిట్టి క్రీడలకు వ్యాప్తి తెచ్చెను.

మాఘపూర్ణిమ స్నానముల సందడి తగ్గిన పిమ్మట నొకనాటి ప్రొద్దున గుడివాడలో రైలెక్కి బందరు చేరితిమి. అవనిగడ్డనుండి మా పిన్నియు చల్లపల్లి మీదుగా బస్సులో వచ్చి మమ్ము కలిసికొనెను. సముద్రము చూచివత్తమని మాత్రమే యామెకు కబురు పంపితిమి. అది మా తప్పు.

మంగినపూడి తీరము బందరునకు సుమారు 11 కిలోమీటర్లు. అచటి నేల తెల్లని యిసుక కాదు, నల్లమట్టి కలిసినది. నీరు చాలదూరము వఱకు లోతులేదు. పొడినేలలో చక్రము దిగబడును. అల వెనుకకు పోయినచోట గట్టిపడిన సన్నని తడిపట్టెయే బల్లకు బాట. మధ్యాహ్నమునకు భూమి వేడెక్కగా సముద్రముమీదినుండి గాలి బయలుదేఱును. ఒడ్డువైపు వీచు గాలి గనుక మనిషిని సముద్రములోనికి కొనిపోదు. కాని యటువైపు చెట్లును, కరెంటు తీగెలును ఉండకుండ చోటు చూచుకొనవలెను.

ఈ పటమునకు వెదురుపుల్లలు లేవు. గదులు గదులుగా కుట్టిన పలుచని వస్త్రము. గాలి దూరగానే తలగడవలె ఉబ్బును. నేర్చుకొనువారికి మూడు చదరపు మీటర్లది చాలును, అనగా మన చీరలో సగము. త్రాళ్లు నాలుగు: పై రెండు బరువు మోయును, క్రింది రెండు పగ్గములు. తొలుత బల్ల యెక్కనే రాదు. గాలికి వీపు చూపి నిలిచి పటమును నెత్తిమీద నిలిపినంతసేపు అది గోవువలె సాధువు. ఎదుట క్రిందుగా దించితిమా, ఎద్దువలె లాగును. గాలివేగము రెండింతలైన లాగుడు నాలుగింత లగును. ఈ లెక్క చదివి తెలిసికొనుట వేఱు, భుజములకు తెలియుట వేఱు.

మేమును పట్టితిమి. (ఏబదియేండ్లు దాటిన స్త్రీకి తగునా యని యడుగువారు మా మోకాళ్లనే యడుగవలెను.) చీరతో నిది కాదు, చక్రములలో కొంగు చిక్కును, మేనకోడలి షల్వారు కమీజు తొడిగికొని, తలకు టోపీయు, మోకాళ్లకు, మోచేతులకు కవచములును కట్టుకొంటిమి. రెండు గడియలు బాగుగనే జరిగినది. ఇంతలో నొక విసరున పటము ఎదుటికి దిగెను. "విడువుము అత్తా, విడువుము!" అని పిల్ల అఱచుచుండగా మేము మఱింత గట్టిగ పట్టితిమి. పడిపోవునపుడు చేతిలోనిది పట్టుకొనుట మనకు సహజము గదా. పదిగజములు బోర్లగా నీడ్వబడితిమి. తుదకు పిడులు జాఱిపోగా, మణికట్టునకు కట్టిన పట్టీలు పగ్గములను లాగి, పటము ముడుచుకొని నేల కూలెను.

నోటిలోని మట్టి ఉమిసి చూచునప్పటికి పిన్ని లేచి నిలిచియుండెను. కేక వేయలేదు.

బందరు గాలిని గుఱించి యీ ప్రాంతమువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. 1864 నవంబరు 1వ తేదీనాటి ఉప్పెనలో నిచట సుమారు 30,000 మంది మరణించిరందురు. 1977 నవంబరు 19న దివిసీమ మునిగెను. పదివేలకు పైగా జనులు పోయిరి. ఆ రాత్రి నాగాయలంక చేరువ పల్లెలో మా పిన్ని తాటిచెట్టును కౌగిలించుకొని బ్రతికెను. చేయి పట్టుకొనియున్న చిన్నకొడుకు బ్రతుకలేదు. ఆ మాట యామె మాతో నెన్నడును ఆడలేదు. గాలి హోరుమన్న కిటికీలు మూయును, అంతే.

"విడువు మనుచున్నదేమే యిది?" అని పిన్ని మమ్మడిగెను.

మేనకోడలు సమాధానము చెప్పక పటము నెగురవేసి, ఎదుటికి దించి, పిడులు విడిచెను. పటము కూలెను. "మఱల" అనెను పిన్ని. అట్లు నాలుగుమార్లు చూచి కూర్చుండెను. అప్పుడు పిల్ల ఆమెకు బ్రిస్టల్ నగరపు బడిపంతులు జార్జి పోకాక్ కథ చెప్పెను. ఆయన 1826లో గాలిపటములు లాగు బండికి పేటెంటు పొందినవాడు. అంతకుముందే తన కూతురు మార్తాను కుర్చీలో కూర్చుండబెట్టి పటముతో నాకాశమున కెత్తించెను. క్రికెట్టు ఆటలో ప్రసిద్ధుడైన డబ్ల్యు. జి. గ్రేసునకు తల్లి యామెయే.

"ఆ పిల్ల తల్లి యేమన్నదో యెవరైన వ్రాసినారా?" అనెను పిన్ని. మా కెవరికిని బదులు తోచలేదు.

పిదప మేనకోడలు బల్లపై పాదములు పట్టీలలో దూర్చి, వెనుకకు వాలి నిలిచెను. మేము తలచినట్లు గాలి పోవు దిక్కునకు కాదు, దాని కడ్డముగా, తీరము వెంబడి దక్షిణమునకు పోయి చిన్నదయ్యెను, మఱల పెద్దదయ్యెను. చక్రముల క్రింద తడినేల చప్పుడు తప్ప వేఱు చప్పుడు లేదు. పటమును నెత్తిమీదికి తెచ్చి మా యెదుట నాగెను. పిన్ని కన్ను బల్లపైన లేదు, పిల్ల చేతులపైననే యుండెను.

సాయంకాలమునకు గాలి తగ్గెను. పటము మడచుటకు మేమిద్దఱము చాలకపోతిమి. పిన్ని వచ్చి, ఒక కొస పట్టి దులిపి, పట్టుచీరను మడచినట్లు అఱచేతితో గాలి నొత్తివైచుచు మడచియిచ్చెను. త్రాళ్లు మాత్రము ముట్టలేదు. బందరునకు ఆఖరి బస్సెప్పుడని యడిగి, మఱునాడు తనకొక గొడుగు తెమ్మనెను.