పదమూడు అడుగుల దూరంలో ఒక ముఖం

ఎడమ బొటనవేలి మొదట్లో కాలిన మచ్చ ఒకటి ఉంది అతనికి. సోడియం లైట్ల కాలం నాటిది. ఆర్పిన బల్బు చల్లారేదాకా ఆగకుండా పట్టుకున్నందుకు మిగిలిన గుర్తు. స్తంభాలెక్కి దీపాలు మార్చే పనిలో ఇరవై ఏడేళ్ళుగా ఉన్నాడు. పేరు రాయొద్దన్నాడు, రాయను.

వీధి దీపాల వెలుగులో మనిషి కన్ను ఎలా పనిచేస్తుంది, భద్రత ఎంత పెరుగుతుంది అని చాలా దేశాల్లో పరిశోధనలు జరుగుతున్నాయి కదా, హైదరాబాద్‌లో అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఒక రాత్రి తిరిగి రాయమని సంపాదకుడు ఫోన్ చేశారు. పంజాగుట్టలో పదేళ్ళు కాపురమున్నదాన్ని, సరేనన్నాను. తోడుగా ఇతన్ని మాట్లాడిపెట్టింది కూడా ఆయనే.

ఏడున్నరకి మైత్రీవనం వెనక సందులోకి వెళ్ళాం. లిఫ్టు బండి పట్టనంత సన్నటి సందు. నిచ్చెన వేసుకొని ఎక్కాడు. టెస్టర్‌తో ఫేజు చూసుకొని, ఫిట్టింగ్ మూత విప్పి, పాడైన డ్రైవర్‌ను, అంటే దీపానికి తగినట్టు కరెంటును మార్చే పెట్టెను, బయటికి లాగాడు. వైరు మీది తొడుగును కటింగ్ ప్లయర్‌తో ఒలిచాడు. లోపలి రాగి తీగకు గీత పడలేదు, తొడుగు ఒక్కటే ఊడి వచ్చింది. కొత్త డ్రైవర్‌కు వైరు కలిపి టేప్ చుట్టేటప్పుడు చివరి చుట్టును బొటనవేలితో మూడుసార్లు రుద్దాడు, వేడికి జిగురు పట్టేదాకా. వానాకాలంలో నీళ్ళు దిగేది ఆ చివరి చుట్టు దగ్గరేనట. ఇన్నేళ్ళలో ఇంత శ్రద్ధగా టేప్ చుట్టిన మనిషిని నేను చూడలేదు.

దీపం వెలిగింది. కిందికి దిగి అరచేయి చాపి చూసుకున్నాడు. గీతలు కనబడ్డాయి. అంతటితో పని అయిపోయిందనుకున్నాను. సందు చివరిదాకా నడిచి, ఇటు తిరిగి నిలబడ్డాడు.

"నా మొహం కనబడ్తుందా అక్కా?"

లేదన్నాను. ఎవరో మనిషి ఉన్నాడని తెలుస్తోంది, అంతే. ఒక్కో అడుగూ వేస్తూ వచ్చాడు. బాగా దగ్గరికి వచ్చాక గానీ అతను నవ్వుతున్నాడని నాకు తెలియలేదు.

"కిందికి మస్తు వెల్తురు ఉన్నది. మొహం మీద పడ్తలేదు. మూతి కొంచెం ఎత్తాలె," అని మళ్ళీ నిచ్చెనెక్కి బ్రాకెట్ బోల్టు వదులు చేసి, ఫిట్టింగ్ ముఖాన్ని కాస్త పైకి తిప్పాడు. మళ్ళీ దిగాడు, మళ్ళీ సందు చివరికి నడిచాడు. ఈసారి నాలుగైదు అడుగులు ముందే పోల్చుకున్నాను.

ఈ పరీక్ష అతనికి ఎవరూ నేర్పలేదు. 1980లో నెదర్లాండ్స్‌లో ఫిలిప్స్ సంస్థ ఇంజనీర్లు కామినాడా, వాన్ బోమెల్ సరిగ్గా ఇదే అడిగారు. రాత్రి ఎదురుగా వచ్చే మనిషి మంచివాడో కాడో తేల్చుకొని, అవసరమైతే పక్కకు తప్పుకోవడానికి కనీసం ఎంత దూరం కావాలి? నాలుగు మీటర్లు, అంటే పదమూడు అడుగులు అన్నారు. ఆ దూరంలో ముఖం ఆనవాలు పట్టేంత వెలుగు ఉండాలన్నారు. ముఖం నిలువుగా ఉంటుంది, పైగా గుండ్రంగా ఉంటుంది. నేల మీద పడే వెలుగును కొలిస్తే దాని సంగతి తెలియదు. అందుకే నిలువు తలం మీద, సగం స్తంభం ఆకారంలో ఉన్న ఉపరితలం మీద పడే వెలుగును వేరుగా కొలవాలని చెప్పారు.

మన దేశంలో వీధి దీపాలకు ప్రమాణం ఐఎస్ 1944. 1970 నాటిది. పెద్ద రహదారికి సగటున 30 లక్స్, చిన్న వీధికి 4 లక్స్ అని అందులో ఉంది. ఆ లెక్కలన్నీ రోడ్డు మీద పడే వెలుగువే. వాహనం నడిపేవాడికి అవి సరిపోతాయి. నడిచేవాళ్ళ సంగతి వేరు, మరీ ముఖ్యంగా రాత్రి నడిచే ఆడపిల్లల సంగతి.

అమీర్‌పేటలో రాత్రి నడిచేవాళ్ళలో ఆడపిల్లలు చాలామంది. తెల్లవారుజామున మొదలయ్యే సాఫ్ట్‌వేర్ క్లాసులు రాత్రి తొమ్మిది దాటినా సాగుతాయి. ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టూ, ఎస్ఆర్ నగర్ వైపూ హాస్టళ్ళే హాస్టళ్ళు. మేం టిఫిన్ బండి దగ్గర ఆగినప్పుడు పక్కన ముగ్గురు అమ్మాయిలు దోసెలు తింటున్నారు. హాస్టల్ మారదామా వద్దా అని మాట. ఒకమ్మాయి అంది: "లైట్ లేదని కాదే. లైట్ ఉంది. దాని కింద నేను కనిపిస్తుంటా, చెట్టు కింద బండి మీద కూర్చున్నోడు నాకు కనబడడు. అదే భయం."

మా ఎలక్ట్రీషియన్ తినడం ఆపి వాళ్ళవైపు చూశాడు. ఆ రాత్రి నేను విన్నవాటిలో నాతో ఇంటికి వచ్చిన మాట అదొక్కటే.

ఆ అమ్మాయి చెప్పింది కంటి శాస్త్రంలో ఉన్నదే. మన కంటిలో చూపునిచ్చే కణాలు రెండు రకాలు. శంకువులు పగటివి, రంగులనూ ముఖ కవళికలనూ పట్టేవి. దండాలు చీకటివి. చూపు మధ్య బిందువులో దండాలు అసలు ఉండవు, పక్కచూపులో ఎక్కువ. వీధి దీపాల వెలుగు పగలూ కాదు, కటిక చీకటీ కాదు, రెండు రకాలూ సగం సగం పనిచేసే సంధి. పక్కన ఏదో కదిలిందని దండాలు చెప్పేస్తాయి. అది ఎవరో చెప్పాలంటే శంకువులు కావాలి, వాటికి ఎక్కువ వెలుగు కావాలి. ఏదో కదిలిందని తెలిసి, ఎవరో తెలియకపోవడమే భయం. దానికి తోడు మిలమిలలాడే దుకాణం బోర్డు ముందు నుంచి సందులోకి మలుపు తిరిగితే, దండాలు పూర్తిగా తేరుకోవడానికి అరగంట పైనే పడుతుంది. సందు దాటడానికి రెండు నిమిషాలు. కన్ను ఇంకా బోర్డు దగ్గరే ఉండగా కాళ్ళు చీకట్లోకి వెళ్ళిపోతాయి.

సోడియం దీపాలు పోవడం మంచిదే, ఇది గట్టిగా చెప్పాలి. ఆ పసుపుపచ్చ వెలుగులో ఎర్ర చీరా ఆకుపచ్చ చీరా దాదాపు ఒకేలా ఉండేవి. కరెంటు రెప్పపాటు పోయినా మళ్ళీ వెలగడానికి నిమిషాలు పట్టేది. చోకు, ఇగ్నైటర్, కెపాసిటర్ అని మూడు పాడయ్యే వస్తువులు. 2015 జనవరిలో కేంద్రం ఎల్ఈడీ వీధి దీపాల పథకం మొదలుపెట్టాక, ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్ఎల్ ద్వారా హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ నాలుగు లక్షలకు పైగా దీపాలు మార్చింది. కరెంటు ఆదా అయింది, రంగులు తెలుస్తున్నాయి. తెల్లని వెలుగులో దండాలు కూడా మెరుగ్గా పనిచేస్తాయి కాబట్టి పక్కనుంచి వచ్చేది త్వరగా కనబడుతుంది. కొత్త పద్ధతిలో దీపాల గుంపులన్నీ ఒక నియంత్రణ పెట్టెకు కలిసి ఉంటాయి. ఏ గుంపు వెలుగుతోందో, ఏ గుంపు ఆరిందో ఆఫీసులోనే తెలుస్తుంది.

"కంప్యూటర్ల వెలుగుతున్నట్టే ఉంటది అక్కా. కొమ్మ అడ్డమొచ్చిందని దానికెట్ల తెలుస్తది?" అన్నాడతను.

అప్పటికి ఒక వేపచెట్టు కింద ఉన్నాం. పైన దీపం వెలుగుతోంది. దాని వెలుగంతా ఆకుల పైన ఉంది. చెట్టు పైభాగం పట్టపగలులా ఉంది, కింద బండి మీద ఎవరైనా కూర్చుంటే మనిషి ఆకారం కూడా తెలియదు. ఏ స్తంభం ఏ చెట్టు చాటున ఉంది, ఏ కొమ్మ ఏ నెలలో కిందికి వాలుతుంది, ఏ దీపం మూతి బండి తగిలి పక్కకు తిరిగింది అన్నీ ఇతనికి తెలుసు. ఇవేవీ ఏ పుస్తకంలోనూ లేవు. ఇంకో రెండేళ్ళలో పని మానేస్తానంటున్నాడు, మోకాళ్ళు సహకరించడం లేదట. ఇతను మానేసిన రోజున ఆ లెక్కంతా ఇతనితోనే పోతుంది. నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇదే. ఆఫీసులో ఒక కుర్రవాడు నోట్‌బుక్ పట్టుకొని పది రాత్రులు ఇతని వెంట తిరిగితే చాలు, ఆ జ్ఞానం నిలుస్తుంది.

పంజాగుట్ట చేరేసరికి పది దాటింది. అక్కడ చీకటి బాధ లేదు, వెలుగు బాధ ఉంది. నిమ్స్ ఆసుపత్రి వైపు రోడ్డు దాటడానికి నిలబడితే ఎదురు బండ్ల హైబీములు, తెరల మీద కదిలే ప్రకటనలు, మెట్రో పిల్లర్ల పక్కన నల్లటి నీడలు. మూడేళ్ళ కిందట ఇలాంటి చోటే ఫుట్‌పాత్ అంచు కనబడక కాలు మెలిక పడి ఆరు వారాలు మంచం మీద ఉన్నాను. అప్పుడు నన్ను నేనే తిట్టుకున్నాను, చూసుకొని నడవలేకపోయానని. తర్వాత చదివితే తెలిసింది. అరవై ఏళ్ళ మనిషి కంటి లోపలికి చేరే వెలుగు, ఇరవై ఏళ్ళవాళ్ళకు చేరేదానిలో మూడో వంతే. పైగా ముదిరిన కటకం పక్కనుంచి వచ్చే మిరుమిట్లను కంటి నిండా చెదరగొడుతుంది, చూడాల్సిన వస్తువు మీద తెల్లటి తెర పరచినట్టు. నిమ్స్‌కు వచ్చేవాళ్ళలో ఎంతమంది పెద్దవాళ్ళుంటారో, వాళ్ళంతా ఆ తెరలోంచే రోడ్డు దాటాలి.

దీపాలు పెంచితే నేరాలు తగ్గుతాయా అని అడిగేవాళ్ళకు సూటి జవాబు లేదు. 2016లో న్యూయార్క్‌లో ప్రభుత్వ గృహ సముదాయాలను లాటరీ పద్ధతిలో ఎంచి దీపాల టవర్లు పెట్టారు, అక్కడ రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు 36 శాతం తగ్గాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 62 స్థానిక సంస్థల లెక్కలు చూసి 2015లో తేల్చిందేమిటంటే, దీపాలు తగ్గించినంత మాత్రాన నేరాలు గానీ ప్రమాదాలు గానీ పెరిగినట్టు ఆధారం దొరకలేదు. రెండూ నిజమే. ఎన్ని దీపాలున్నాయన్నది ఒక్కటే చాలదు, ఎక్కడ, ఎటు తిరిగి, ఎవరి కోసం వెలుగుతున్నాయన్నది చూడాలి. బ్రిటన్ పరిశోధకుడు ఫారింగ్టన్, అమెరికా పరిశోధకుడు వెల్ష్ ఇంకో సంగతి గమనించారు. దీపాలు బాగుచేసిన చోట పగటి నేరాలు కూడా తగ్గాయి. ఈ వీధిని ఎవరో పట్టించుకుంటున్నారని జనానికి తెలియడమే దానికి కారణం కావచ్చన్నారు. సందులో నిచ్చెన మీద నిలబడి ఫిట్టింగ్ మూతి ఎత్తిన మనిషిని చూశాక నాకు ఆ మాట మీద పూర్తి నమ్మకం కుదిరింది.

మీకొక మనవి. ఈ రాత్రి మీ వీధిలో ఇంట్లోవాళ్ళెవరినైనా పదమూడు అడుగుల దూరంలో నిలబెట్టి చూడండి. ముఖం పోల్చుకోలేకపోతే ఆ స్తంభం నంబరు రాసుకొని ఫిర్యాదు ఇవ్వండి. "లైటు వెలగడం లేదు" అని మాత్రం రాయకండి, వెలుగుతూనే ఉంది కాబట్టి ఆ కాగితం అక్కడితో ఆగిపోతుంది. "మనిషి ముఖం కనబడటం లేదు" అని రాయండి.