కారేపల్లి జంక్షన్ డాబా మీద పడుతుందా?

నిన్న రాత్రి కరెంటు బొమ్మరైళ్ల వీడియోలు చూస్తూ కూర్చున్నా. 1900లో న్యూయార్క్‌లో లయొనెల్ కంపెనీ పెట్టిన జాషువా కోవెన్, మొదటి రైలును షాపు అద్దాల వెనక జనాన్ని ఆపడానికే చేశాడట. జనం సరుకు వదిలేసి రైలే కావాలన్నారని చెప్తారు!

ఇప్పుడు ఎక్కువగా నడిచేది హెచ్‌ఓ సైజు, అసలు రైలులో 87వ వంతు. మామూలు సెట్లలో పట్టాల్లోంచే 12 వోల్టుల డీసీ కరెంటు. ప్లస్సు, మైనస్సు తారుమారు చేస్తే ఇంజను వెనక్కి పోతది. పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు, అది అసలు రైలులో 1,435 మిల్లీమీటర్ల గేజి లెక్క. మన బ్రాడ్‌గేజి 1,676. ఆ లెక్కన 19 దాటాలి. అందుకే మన సింగరేణి బొగ్గు వ్యాగను బొమ్మ చేసి ఆ పట్టాలెక్కిస్తే పీట మీద పహిల్వాన్ కూర్చున్నట్టే.

అయినా డాబా మీద మన లైనే బొమ్మగా వేద్దామని ఆశ. భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. అక్కడి నుంచి రాములోరి గుడికి సుమారు 40 కిలోమీటర్లు, రైలు లేదు. బొమ్మపట్టా వేద్దామన్నా 460 మీటర్లు కావాలి!

కారేపల్లి జంక్షన్‌తో సరిపెట్టుకుంటా. డోర్నకల్ నుంచి వచ్చే లైను, కొత్తగూడెం పోయేది, ఇల్లెందు వైపు చీలేది. మూడు దిక్కులు, రెండు ప్లైవుడ్ షీట్లు. ఇంట్లో పర్మిషన్ ఒక్కటే బాకీ.