అమ్మ తడిగుడ్డ

యూనియన్ వార్షిక సంచికకి పాత విద్యార్థిగా ఏదైనా రాసి పంపమన్నారు. చెప్పుకోదగ్గ ఘనకార్యాలేవీ లేవు నా దగ్గర. అంచేత మా ఇంటి నేల గురించి రాస్తున్నాను. సివిల్ చదివే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ పనికిరావచ్చు. నాకు కాంక్రీటు పాఠం చెప్పిన మాస్టారు మాత్రం చదవకపోతేనే మంచిది!

డల్లాస్ దగ్గర మా ఇల్లు. అక్కడ చాలా ఇళ్ళలాగే నేలమీద నేరుగా కాంక్రీటు స్లాబ్ పోసి, దానిమీద లేపేశారు. పైన టైల్స్. 2018 చివర్లో అమ్మ వచ్చింది. చలికి ఆ టైల్స్ మీద నాలుగడుగులు వేసి మోకాళ్ళు పట్టుకుని కూర్చునేది. చెక్క నేల వేద్దామనుకున్నాను. వేయించడమెందుకు, ఇంజనీరుని కదా, నేనే వేస్తానన్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు.

నిండు చెక్క పలకలు తడికి ఉబ్బుతాయి, కాంక్రీటు మీదికి సరిపడవు. అందుకని ఇంజనీర్డ్ రకం తీసుకున్నాను. అడుగున ప్లైవుడ్‌లాగా పొరలు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి అతికి ఉంటాయి. ఒకటి సాగబోతే రెండోది పట్టి ఆపుతుంది. పైన 3 మిల్లీమీటర్ల అసలైన ఓక్. టైల్స్ పీకి, జిగురు రాసి అతికించాను. గోడల పొడుగునా అరంగుళం సందు కూడా వదిలాను. పెట్టెలో కాగితం ఒకటుంది, ముందు స్లాబ్‌లో తడి పరీక్షించమని. ఎప్పుడో పోసిన కాంక్రీటు, దాన్లో తడేమిటని పారేశాను.

మూడు నెలలు నిక్షేపంగా ఉంది. తర్వాత పలకల అంచులు పైకి లేచి దొన్నెల్లా తయారయ్యాయి. అమ్మ రోజూ పొద్దున్నే తడిగుడ్డ పెట్టి ఇల్లంతా తుడిచేది. ఇంకేం, దోషి దొరికింది! "ఇది మన ఊళ్ళో గచ్చు కాదమ్మా, వేల డాలర్లు" అని అరిచాను. అమ్మ గుడ్డ బాల్చీలో వేసి వెళ్ళిపోయింది. మళ్ళీ ముట్టుకోలేదు. జూన్‌లో ఇండియా వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఓ ఆదివారం మంచం జరిపాను. దాని కిందా పలకలు లేచే ఉన్నాయి. అక్కడికి అమ్మ గుడ్డ ఏనాడూ వెళ్ళలేదు.

అప్పుడు చేశాను పరీక్ష. నాలుగు పలకలు పీకి, స్లాబ్ మీద జిగురు గీకేసి, అడుగున్నర చదరం ప్లాస్టిక్ షీటు పరిచి నాలుగంచులా టేపు వేశాను. మర్నాడు చూస్తే షీటు అడుగున నీటి చుక్కలు, కాంక్రీటు నల్లగా. భూమిలోని తడి ఆవిరై కాంక్రీటు రంధ్రాల్లోంచి పైకొస్తోంది. స్లాబ్ కింద పరవవలసిన పాలిథీన్ పరిచారో లేదో, పరిచినా చిరిగిందో. 28 రోజులకి క్యూబు బలం చూడడం నేర్చుకున్నాను గానీ, గట్టిపడడం వేరు, ఆరడం వేరు అన్నది బుర్రకెక్కలేదు.

అంతా పీకించి, స్లాబ్ గీకించి, తడిని ఆపే ఎపాక్సీ రెండు పూతలు వేయించి, కొత్త పలకలు తెచ్చి కొన్నాళ్ళు ఇంట్లోనే ఉంచి, అప్పుడు అతికించారు, ఈసారి పనివాళ్ళు. మొదటిదానికంటే రెట్టింపయింది.

అమ్మకి ఫోన్ చేశాను. "తప్పు నీది కాదమ్మా, నేలది" అన్నాను.

"నేలదీ కాదులేరా" అంది.

2022లో మళ్ళీ వచ్చింది. ఇప్పుడు గట్టిగా పిండిన గుడ్డతోనే తుడుస్తుంది. తుడిచే ముందు మాత్రం, వద్దన్నా వినకుండా, ఆ గుడ్డ నా చేతికిచ్చి "తడెక్కువైందేమో చూడరా" అంటుంది.