నీరడి పేరు పోయింది, పని ఎవరిది?



గోదావరిఖనిల మా అల్లుని అపార్టుమెంటు కాడ ఉండేటాయనను వాచ్‌మన్ అంటరు. ఆయన కూడా మన లెక్కనే రైతు, నీళ్లు లేక ఎవుసం ఇడిసిపెట్టి అచ్చినోడు. సింగరేణి గేట్ల కాడ సెక్యూరిటీ గార్డు. మా నాయిన కాలంల అయితే చౌకీదార్ అనేటోళ్లు, ఉర్దూ మాట.

మన ఊర్లల్ల వేరే పేర్లుండె. ఊరి పనులకు సుంకరి, మస్కూరి. చెరువుకు నీరడి. తూము ఎప్పుడు లేపాలె, ఎవరి వంతు అయిపోయింది, కట్టకు ఎక్కడ బుంగ పడ్డది, అంతా నీరడికే ఎరుక. పంట అచ్చినంక కల్లం కాడ్నే ఆయన వాటా వడ్లు కొలిచి ఇచ్చేటోళ్లు. చివరి మడి ఎండితే ఆయన గింజలు కూడా తక్కువైతుండె, అందుకే రాత్రిపూట గూడ కట్ట మీద తిరిగేటోడు. ఆ రోజులే మంచియని అంటలేను. ఆ పనులు ఎక్కువ దళితుల నెత్తినే పడ్డయి, వెట్టి గూడ ఉండె.

ఎస్సారెస్పీ కాలువలు అచ్చినంక లస్కర్ అనే మాట అచ్చింది. నీరడి, మస్కూరి, సుంకరి అందరు వీఆర్ఏలైండ్రు. 2023ల వాళ్లను వేరే వేరే శాఖలల్ల సర్దిండ్రు. పే స్కేలు అచ్చింది, సంతోషమే. కానీ ఈ యాసంగిల తూము ఎవరు లేపాలెనని మా ఊర్ల రోజూ లొల్లే. ముందు మడోడు లేపుతున్నడు, చివరోడు దించమంటున్నడు.

మీ ఊర్ల ఎవరు లేపుతున్నరు? ఆయనకు ఏమిస్తున్నరు, ఏమని పిలుస్తున్నరు? రాయుండ్రి.