ఏది మూలరూపం?

మా తండ్రిగారు వైద్యులు. అమలాపురం ప్రాంతంలో నలభై సంవత్సరాల పాటు వైద్యవృత్తి నిర్వహించి, ఆరేళ్ల క్రితం పరమపదించారు. ఆయన విడిచిన స్థిరచరాస్తులలో స్థిరమో చరమో తేల్చుకోలేని వస్తువు ఒకటి నా వంతుకు వచ్చినది. అది 1972వ సంవత్సరపు అంబాసిడర్ మార్క్ టూ కారు. పేరుకు చరమే గాని, ఆయన అనంతరం పెరటిలోని రేకుల షెడ్డులో కదలిక లేకుండా పడి ఉన్నది. దాని విషయంలో నేను చేసిన ఆలోచన, పొందిన భంగపాటు, చివరకు తీసుకొన్న నిర్ణయం పాఠకమహాశయులతో పంచుకోవాలని ఈ ప్రయత్నం.

ఈ వాహనం వంశవృక్షం ఆంగ్లదేశంలో మొదలవుతుంది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును ఆధారంగా చేసుకొని హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో దీనిని నిర్మించారు. 1957 ప్రాంతంలో ఆరంభమైన ఆ నిర్మాణం 2014లో ఆగిపోయినది. మా బండిలో ఉన్నది 1489 సీసీల పెట్రోలు ఇంజను. గేరు కఱ్ఱ నేలమీద కాక స్టీరింగు పక్కనే ఉంటుంది. ముందు ఆసనం బల్లవలె ఏకఖండం. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. వెనుక కమాను పట్టీలు. నా బాల్యంలో కోటిపల్లి రేవులో పంటుమీదికి ఈ బండి ఎక్కుతున్నపుడు బల్లలు చేసే చప్పుడు నాకిప్పటికీ చెవిలో ఉన్నది.

బండిని మళ్లీ నడిపించాలని సంకల్పించినపుడు ఇంటిలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. మా అబ్బాయిది పరివర్తన పక్షం. పాత ఇంజను తీసివేసి, 1990ల దశకంలో అంబాసిడర్లకే వచ్చిన ఇసుజు ఇంజనును ఐదు గేర్లతో సహా అమర్చాలని, పవర్ స్టీరింగు, ఏసీ పెట్టించాలని వాడి వాదం. "నాన్నగారూ, నడవని బండి బండి కాదండీ, విగ్రహం" అన్నాడు. రెండవది నా సహాధ్యాయి పక్షం. ఆయన పాతకార్ల ప్రదర్శనలకు వెళ్లే మనిషి. ఒక్క మేకు కూడా మార్చవద్దని, ఉత్తరపారా కర్మాగారం గడప దాటిన నాడు ఎట్లున్నదో అట్లే ఉంచాలని ఆయన మతం. సత్యం చెప్పవలెనంటే నా మనస్సు ఆయన వైపే మొగ్గినది. తండ్రిగారి వస్తువును యథాతథంగా రక్షించడమే పితృభక్తి అని నాకు నేను చెప్పుకొన్నాను.

శాసనం ఈ రెండు పక్షాలకూ హద్దులు గీసినది. మోటారు వాహనాల చట్టం 52వ విభాగం ప్రకారం, తయారీదారు నిర్దేశించిన మౌలిక లక్షణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019లో సర్వోన్నత న్యాయస్థానం దీనిని దృఢంగా నిలిపినది. ఇంజను మార్చాలంటే రవాణా అధికారి అనుమతి ఉండాలి. ఇటు, 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నమోదు విధానం ప్రకటించినది. మొదటి నమోదు నుండి యాభై ఏళ్లు దాటిన వాహనం, ఛాసీలో గాని బాడీలో గాని ఇంజనులో గాని చెప్పుకోదగిన మార్పు పొందనిదైతే, ఇరవై వేల రూపాయల రుసుముతో 'వీఏ' అక్షరాలున్న సంఖ్య పొందవచ్చు. మా బండికి వయస్సు సరిపోయినది. అయితే ఆ గౌరవానికి ఒక వెల ఉన్నది. అట్లు నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనం పోయించుటకు, మరమ్మతుకు తప్ప నిత్యప్రయాణానికి వాడరాదు.

ఆ నిషేధవాక్యం చదివినపుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకోవలసినది మా అమ్మగారి మోకాళ్లు చూసి. ఆమెకు ఎనభై నాలుగు సంవత్సరాలు. మా అబ్బాయి కొన్న కొత్త కారు నేలకు దగ్గరగా ఉంటుంది. అందులోకి దిగబడి కూర్చుని మళ్లీ లేవడం ఆమెకు నరకయాతన. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి ఆటోలో కుదుపులతో వెళ్లి, వచ్చిన రోజు రాత్రి నిద్ర ఉండదు. అంబాసిడర్ ఆసనం కుర్చీ ఎత్తులో ఉంటుంది, తలుపు విశాలం. షెడ్డులో ఒకనాడు ఆమెను కూర్చోబెట్టి చూశాను. చేయి ఆసరా లేకుండా తానే లేచి నిలబడినది. నేను ఆ క్షణంలోనే నిర్ణయించుకొని ఉండవలసినది. కాని 'వీఏ' సంఖ్యాఫలకం మీద వ్యామోహం అంత త్వరగా విడిచేది కాదు.

అంబాసిడర్ మర్మాలు తెలిసిన వృద్ధ మెకానిక్ ఒకాయన మా ఊరిలో మిగిలి ఉన్నారు. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు అంచున గోటితో గీకి నవ్వారు. "అయ్యగారండీ, తమరు తెలుపు ఒరిజినలు అనుకుంటున్నారు. దీని కింద బూడిదరంగు ఉంది. దాని కింద నలుపు." తండ్రిగారు ఈ బండిని 1978లో రాజమహేంద్రవరంలో ఒక మిల్లు యజమాని వద్ద కొన్నారు. తెల్లరంగు ఆ తరువాతిది. నేనెన్నడూ నల్లబండిని చూడలేదు. అంటే కర్మాగారపు మూలరూపానికి తీసుకువెళితే మా నాన్నగారి బండి మాయమై, మిల్లు యజమాని బండి ప్రత్యక్షమవుతుంది!

పచ్చికుండను ఆవంలో కాల్చినపుడు ఎఱ్ఱబారేది ఆ కుండయేనా, వేరు కుండయా అన్న వివాదం మన తార్కికులలో ప్రసిద్ధం. అగ్నిసంయోగం చేత కుండ పరమాణువుల వరకు విడిపోయి, పరమాణువులు రంగు మారి, తిరిగి కూడి కొత్త కుండ అవుతుందని వైశేషికులు చెప్పారు. ఇది పీలుపాకవాదం. కుండ కుండగానే ఉండి రంగు మారుతుందని నైయాయికులు అన్నారు. ఇది పిఠరపాకవాదం. కళాశాలలో దీనిని ఎన్నో ఏళ్లు బోధించాను. టింకరింగు షెడ్డులో నిలబడి దీనికి సమాధానం వెతకవలసి వస్తుందని మాత్రం ఊహించలేదు. వస్త్రం నుండి ఒక దారం లాగినా పాత వస్త్రం నశించి కొత్త వస్త్రం పుట్టిందని చెప్పే కఠినమైన సిద్ధాంతమూ మనకున్నది. ఆ లెక్కన మా బండి ఎన్ని జన్మలెత్తినదో!

మెకానిక్ తరువాత బానెట్టు ఎత్తారు. ఇంజను మీది సంఖ్యకూ, ఆర్సీ మొదటి పుటలోని సంఖ్యకూ పొత్తు కుదరలేదు. నా గుండె ఝల్లుమన్నది. ఆర్సీ వెనుక పుటలో, మసకబారిన సిరాతో, 1987 నాటి సవరణ ఒకటి కనబడినది. సాయంత్రం అమ్మగారిని అడిగాను.

"అదా? పెద్ద వరదొచ్చిన ఏడు గదరా. గట్టు దిగువన పురిటి కేసు ఉందంటే మీ నాన్నగారు నీళ్లలోంచి పోనిచ్చారు. ఇంజను నీళ్లు మింగి పగిలింది. ఆయన మిగతా దూరం నడిచే వెళ్లారు. తరవాత అదే రకం పాత ఇంజనొకటి దొరికితే వేయించాం."

"డబ్బు?"

"నా గాజులు నాలుగుండేవి గదా. రెండు అందులోనే ఉన్నాయి" అని బానెట్టు వైపు చూపించినది.

1986 ఆగస్టు వరద నాకు బాగా తెలుసు. అప్పుడు నేను చదువు కోసం వాల్తేరులో ఉన్నాను. గాజుల సంగతి మాత్రం ముప్పై ఎనిమిదేళ్లు తెలియలేదు. పైకప్పు మీద అరచేతి మందాన ఒక పల్లం ఉన్నది. అది 1996 నవంబరు తుపానులో పడిన కొబ్బరిచెట్టు గుర్తు. సగం సరిచేయించి, మిగిలినది ఉండనిమ్మన్నారట నాన్నగారు. నేను యథాతథంగా రక్షించదలచిన ఆ 'యథా' ఎక్కడ ఉన్నదో నాకప్పుడు తోచలేదు.

మెకానిక్ మరొక సత్యం చెప్పారు. మూలరూపంలో ఉంచుదామన్నా, ఆ బండి తాగిన పెట్రోలు నేడు లోకంలో లేదు. 2000వ సంవత్సరం నుండి దేశమంతటా సీసం లేని పెట్రోలే. ఆ కాలపు పోత ఇనుప హెడ్డులోని వాల్వు సీట్లకు సీసమే కవచం. అది లేక అవి క్రమంగా అరిగిపోతాయి. గట్టి లోహపు సీట్లు అమర్చాలి. ఇపుడు పెట్రోలులో ఇరవై శాతం ఇథనాలు. పాత రబ్బరు గొట్టాలు, కార్బురేటరులోని వాషర్లు దానికి తట్టుకోలేవు. ఇవేవీ పైకి కనబడవు, కాని చేయకపోతే బండి నడవదు.

ఆ మార్పులన్నీ చేయించి, రింగులు వేయించి, తొలి ప్రయాణంగా అమ్మగారిని రావులపాలెం వైపు తీసుకువెళ్లాను. జాతీయ రహదారి మీద ముందున్న లారీ అకస్మాత్తుగా ఆగినది. నేను బ్రేకు తొక్కాను. బండి ఎడమకు లాగి, లారీ వెనుక జానెడు దూరంలో నిలిచినది. వెనుక ఆసనంలో అమ్మగారు ముందుకు తూలి, నుదురు సీటుకు తగిలినది. దెబ్బ స్వల్పమే. "ఏం కాలేదు, పోనీ" అన్నది. నా కాళ్లు మాత్రం పావుగంట వణికాయి. ప్రదర్శనశాలలో ఈ డ్రమ్ముబ్రేకులు అందమైనవే. ఎనభై నాలుగేళ్ల తల్లి వెనుక కూర్చున్నపుడు కావు.

మరునాడు మా అబ్బాయికి ఫోను చేశాను. ఇసుజు ఇంజను వద్దన్నాను, కారణంగా గాజుల కథ చెప్పాను. వాడు కొంతసేపు మౌనంగా ఉండి, "సరేనండి, ఇంజను మాట ఎత్తను. బ్రేకుల మాట?" అన్నాడు. తరువాతి కాలపు అంబాసిడర్లలో కొన్నింటికి ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వచ్చాయి. ఆ సామాను సంపాదించి, సర్వోతో సహా, రవాణా కార్యాలయంలో దరఖాస్తు పెట్టి బిగించుకొన్నాము. ముందూ వెనుకా సీటుబెల్టులు పెట్టించాము. ఛాసీకి కొత్త రంధ్రం ఒక్కటీ వేయవద్దని నేను పట్టుబట్టాను. ఏసీ వద్దని అమ్మగారే అన్నది, కిటికీ గాలి చాలునట. తీసిన డ్రమ్ములకు గ్రీజు పూసి, గోనెసంచిలో కట్టి, చీటీ రాసి అటక మీద ఉంచాను. ఎవరికైనా మళ్లీ బిగించాలనిపిస్తే బిగించుకొనవచ్చు.

'వీఏ' సంఖ్యకు దరఖాస్తు చేయలేదు. సహాధ్యాయికి ఇది నచ్చలేదు. "అటు పాతదీ కాక, ఇటు కొత్తదీ కాక చేశావయ్యా" అన్నాడు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. సాధారణ నమోదునే ఐదేళ్లకు పునరుద్ధరించుకొన్నాను.

రంగు విషయంలో మాత్రం వివాదం రాలేదు. తెలుపే వేయించాను. పైకప్పు పల్లాన్ని పుట్టీతో నింపి నునుపు చేస్తానని పెయింటరు ముందుకు వచ్చాడు. అప్పటికి అమ్మగారు కర్ర పట్టుకొని షెడ్డు గుమ్మం వరకు వచ్చి నిలబడి ఉన్నది. "దాని జోలికి వెళ్లకు నాయనా, వానపడితే అక్కడ నీళ్లు నిలవకుండా చూడు, అంతే" అన్నది. ఇపుడు మంగళ శుక్రవారాలలో ఉదయం తొమ్మిదిన్నరకు ఆమె వరండాలో తయారై కూర్చుంటుంది. నేను రావడం పది నిముషాలు ఆలస్యమైతే, తానే తలుపు తీసుకొని వెళ్లి బండిలో కూర్చుంటుంది.