మిరపకాయ ఏ ఊరిది?

చరోదాలో తెలుగు వినాలంటే వెతకనక్కర్లేదు. భిలాయి ఉక్కు కర్మాగారానికి 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మండింది. ఆ కర్మాగారం సరుకు రవాణా కోసం వేసిన మార్షలింగ్ యార్డు పక్కనే పెరిగిన ఊరిది. రైల్వే ఉద్యోగాల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడే పాతుకుపోయాయి.

అలాంటి ఇంటి పెద్దాయన, రైల్వేలో రిటైరైనవారు, భార్యతో కలిసి ఇటీవల హైదరాబాద్‌లోని కొడుకు దగ్గరకు వెళ్లారు. చరోదా ఇల్లు అమ్మేసి తన దగ్గరకు వచ్చేయమని అతను ఏడాదిగా పోరుతున్నాడు. ఆ మాట తేల్చడానికే మాదాపూర్‌లో కొత్తగా తెరిచిన ఖరీదైన మెక్సికన్ రెస్టారెంట్‌కు తీసుకెళ్లాడు.

మసక వెలుతురు. గోడ మీద రంగురంగుల పుర్రెల బొమ్మలు. పెద్దాయన మెనూలో ముందుగా కుడివైపు అంకెలే చదివారు. ఒక ప్లేటు టాకోల డబ్బుతో చరోదాలో వారం కూరగాయలు వచ్చేస్తాయి. 'నాన్నా, ధరలు చూడకు' అన్నాడు కొడుకు మెల్లగా.

వెయిటర్ మూడు కాళ్ల నల్లరాతి గిన్నె తెచ్చిపెట్టాడు. కాల్చిన టమాటా, పచ్చిమిర్చి, ఉల్లి, కొత్తిమీర కలిపి అందులోనే నూరిన సాల్సా. ఆవిడ వేలితో నాకి చూసి నవ్వేశారు. 'ఇదేటిరా బాబూ, మన పక్కింటోళ్ల పతాల్ చట్నీయే కదా!' ఛత్తీస్‌గఢీలో టమాటాను పతాల్ అంటారు. ఆ చట్నీ అక్కడ ఇంటింటి వంట.

ఆవిడ పొరబడలేదు. టమాటా, మిరప రెండూ అమెరికా ఖండాలవే. మెక్సికోలో మిరపను వేల ఏళ్ల క్రితమే సాగుచేశారు. అది 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి చేరింది. అంతకుముందు మన కూరలకు కారం మిరియాలదే. మిరప అన్న పేరులోనూ మిరియమే వినిపిస్తుంది. ఇప్పుడు గుంటూరు మిరపను పరాయిదంటే ఎవరూరుకుంటారు?

కొడుక్కి వాదన దొరికింది. 'చూశావా అమ్మా, మిరపకాయే ఎక్కడ నాటితే అక్కడ బతికింది. మీరు బతకలేరా?'

పెద్దాయన మాట్లాడకుండా టోర్టిల్లా తుంచారు. మొక్కజొన్న రొట్టే, కానీ వాసన వేరు. గింజను సున్నపు నీళ్లలో ఉడికించి రుబ్బుతామని వెయిటర్ చెప్పాడు. మెక్సికోలో అది తరతరాల పద్ధతి. అలా చేస్తేనే మొక్కజొన్నలోని నయాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుంది. యూరప్ వాళ్లు గింజను తీసుకెళ్లారు, సున్నాన్ని వదిలేశారు. మొక్కజొన్నే ఆధారమైన ఉత్తర ఇటలీ పేదలు 18, 19 శతాబ్దాల్లో పెల్లాగ్రా వ్యాధితో అల్లాడారు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లోనూ అదే కథ నడిచింది. పైరు ఊరు మారింది, దానితోపాటు వెళ్లాల్సింది వెళ్లలేదు.

పెద్దాయనకు ఈ చరిత్ర తెలియదు. కానీ ఆయన చెప్పిందీ అదే. 'మీ తాత చరోదాకి ఒక్కడే రాలేదురా. అన్నదమ్ములొచ్చారు, ఊళ్లోవాళ్లొచ్చారు, పండగలూ వెంట వచ్చాయి. అందుకే అది మన ఊరయింది. ఇక్కడ నువ్వు ఆఫీసుకెళితే మేమిద్దరం ఎవరితో మాట్లాడాలి?'

కొడుకు చాలాసేపు గ్లాసు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఇల్లు అమ్మే మాట ఆ రాత్రి మళ్లీ రాలేదు. ఏటా కొన్ని నెలలు హైదరాబాద్‌లో, మిగతా కాలం చరోదాలో ఉండేట్టు ఇంటికెళ్లే దారిలో ఒప్పుకున్నారు.

మిగిలిన సాల్సాను ఆవిడ పట్టుబట్టి కట్టించారు. మర్నాడు పొద్దున్న అట్లలోకి ముగ్గురూ అదే నంజుకున్నారు.