డీజిల్ బండి, సున్నం గోడ

పోయిన దసరాకి మా నాయన పాత డీజిల్ బండికి కుంకుమ బొట్లు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించాడు. కర్నూల్లో మాది షామియానా సామాన్ల వ్యాపారం. 2012లో కొన్న ఆ మినీ ట్రక్కు మీదే పైపులు, కుర్చీలు, వంటపాత్రలు, నా ఇంజనీరింగ్ ఫీజులు అన్నీ నడిచాయి. ఇప్పుడది మార్చాలి. లోనుకి హామీ సంతకం నాది కాబట్టి, ఏ బండి కొనాలన్న దాంట్లో నా మాటా చెల్లుతుందనుకున్నాను.

నా మాట ఎలక్ట్రిక్. హైదరాబాద్‌లో మాస్కు పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళేవాడిని. "జీఎస్టీ 5 శాతమే నాయనా" అన్నాను.

"పత్తికొండ అవతల పల్లెలో పెండ్లి. రాత్రి రెండింటికి సామాన్లు ఎత్తల్ల. చార్జింగు యాడ పెడ్తావురా, పెండ్లికొడుకు ఇంట్లోనా?"

నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. కానీ ఆయన డీజిల్ పట్టుదల ఊరికే రాలేదు. 2012లో డీజిల్ పెట్రోలు కన్నా లీటరుకి 20 రూపాయల పైనే తక్కువ. ధరని ప్రభుత్వమే అదిమి పట్టింది, నాయన లాంటివాళ్ళు దాన్ని నమ్మి బండ్లు కొన్నారు. 2014 అక్టోబరులో ఆ అదుపు ఎత్తేశారు. 2020 మేలో, పెళ్ళిళ్ళు లేక బండి ఇంటి ముందే పడున్నప్పుడు, డీజిల్ మీద కేంద్ర సుంకం ఒక్కసారే 13 రూపాయలు పెరిగింది. 2021 నవంబరులో 10 తగ్గింది. రాష్ట్రం పన్ను వేరే. కర్ణాటక వైపు కిరాయి తగిలితే నాయన అక్కడే ట్యాంకు నింపుకుని వస్తాడు.

2020 ఏప్రిల్ 1న బీఎస్-4 నుంచి బీఎస్-5ని దాటేసి ఏకంగా బీఎస్-6 వచ్చింది. డీజిల్‌లో గంధకం 50 పీపీఎం నుంచి 10కి దిగింది. మంచిదే. అయితే షోరూములో చెప్పని సంగతి మా మెకానిక్ చెప్పాడు. కొత్త డీజిల్ బండ్లలో చాలావాటికి మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలాలంటే బండి అప్పుడప్పుడూ హైవే మీద వేడెక్కి పరిగెత్తాలి. ఊళ్ళోనే ఆగుతూ తిరిగితే ఫిల్టరు పూడుకుపోతుంది.

"మనది ఊరి బండా, హైవే బండా?" అంటే నాయన తడుముకోకుండా "హైవే" అన్నాడు.

అమ్మ లోపలికెళ్ళి నోటుబుక్కు తెచ్చింది. కిరాయిల లెక్క రాసేది ఆమే. ఏడాదిలో 212 ట్రిప్పులు, ఊరు దాటినవి 31. నాయన నమ్మక మళ్ళీ లెక్కపెట్టాడు. నేను గెలిచాననుకున్నా. "ఆ ముప్పై ఒకటే మూడో వంతు డబ్బు తెచ్చిండేది" అంది అమ్మ, నా వైపు తిరిగి. తర్వాత ఇద్దరికీ కలిపి అన్నది: "ఆ గోడ సూడండి."

బండి నిలిపే చోట, సైలెన్సరుకి ఎదురుగా, గోడ నల్లగా ఉంది. ప్రతి సంక్రాంతికీ సున్నం కొడతాం, మళ్ళీ నల్లబడుతుంది. పక్కనే తులసికోట. పదమూడేళ్ళుగా అమ్మ పొద్దున్నే ఆ పొగలోనే ముగ్గేసింది. ఫోన్లో గాలి నాణ్యత చూసుకుని బయటికెళ్ళే నేను, ఈ గోడని ఎన్నడూ చూడలేదు.

చివరికి పెట్రోలు బండి కొన్నాం. 2025 సెప్టెంబరు 22న సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగడం కలిసొచ్చింది. మైలేజీ తక్కువే, పల్లె కిరాయిల్లో కాస్త మిగులు పోతుంది.

"ఐదేండ్లు వాయిదాలు కట్టల్ల. ఆలోగా పెట్రోలు మీద ఏమేస్తారో ఏమో" అన్నాడు నాయన. నా దగ్గర జవాబు లేదు. సంతకం పెట్టాను.

పాత బండిని ఆదోని నుంచి వచ్చిన ఒకాయన కొనుక్కున్నాడు. తాళం తిప్పగానే గేటు నిండా పొగ. ఆయన ఇంట్లో బండి ఎక్కడ నిలుపుతాడో అడుగుదామనుకున్నాను, అడగలేకపోయాను. ఆ సాయంత్రమే నాయన బకెట్లో సున్నం కలిపాడు. సంక్రాంతికి ఇంకా మూడు నెలలుంది.